షెడ్డు కబుర్లు: సమితి జీపు, కోడిగుడ్ల ట్రేలు

పోయిన సంచికలో బ్రేకు ఆయిలు గురించి రాస్తూ మధ్యలో ఓ మాట జారాను. మా అమ్మాయీ నేనూ కలిసి ఓ పాత జీపు బాగుచేసుకున్నామని. బ్రేకు ఆయిలు గురించి ఒక్కరూ అడగలేదు. జీపు గురించి మాత్రం ఉత్తరాలే ఉత్తరాలు. అందుకని ఈసారి ట్రాక్టర్లనీ మోటార్లనీ పక్కన పెట్టి జీపు సంగతే చూద్దాం.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి రెండు ముక్కలు. మాది విజయవాడ ఆటోనగర్. ముప్పై నాలుగేళ్ళు లారీల షెడ్డు నడిపాను. మా జీపు 1964 నాటిది, పెట్రోలు బండి. ఒకప్పుడు పంచాయతీ సమితి ఆఫీసులో తిరిగి, వేలంలో చేతులు మారి, చివరికి ఓ ఇటుకబట్టీ వెనక చింతచెట్టు కింద నాకు దొరికింది. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా మొదటి నట్టు విప్పాం. ఇంటర్ పరీక్షలు అయ్యాక అది రోడ్డెక్కింది. ఖర్చు రెండు లక్షల ఎనభై వేలు దాటాక లెక్క రాయడం మానేశాను. మా ఆవిడ మాత్రం మానలేదు.

"మా మామగారి జీపు పదిహేనేళ్ళుగా పశువుల పాకలో టార్పాలిన్ కింద ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలటరీ జీపని ఆయన చెప్పేవారు. మావారూ, పన్నెండేళ్ళ మా బాబూ కలిసి బాగుచేస్తామని దసరా సెలవుల్లో మొదలుపెట్టారు. సంక్రాంతికి ఊళ్ళో తిప్పాలని ఈయన పట్టుదల. రెండు ఆదివారాలకే బాబు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఈయన వాడి మీద అరుస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు వద్దని చెప్పనా?" – ఒక తల్లి, నర్సీపట్నం

ముందు మిలటరీ సంగతి తేల్చేద్దాం. మా షెడ్డుకొచ్చిన ప్రతి పాత జీపూ యుద్ధం చేసి వచ్చిందే అనేవారు ఓనర్లు. దీన్ని తేల్చే పని మీ బాబుకే అప్పజెప్పండి. మొదట బండి మూతి మీద, రేడియేటరు ముందుండే జాలీలో నిలువు కంతలు ఎన్నున్నాయో లెక్కపెట్టమనండి. యుద్ధం నాటి విల్లీస్, ఫోర్డ్ జీపులకి రేకు జాలీలో తొమ్మిది ఉంటాయి, వెనక తలుపు ఉండదు. ఏడు కంతలూ, వెనక కిందికి దిగే తలుపూ ఉంటే అది మామూలు జనం కోసం చేసిన బండి. బానెట్టు ఎత్తుగా, పెట్టె బోర్లించినట్టు ఉంటే చాలావరకు సీజే-3బి అనే మోడల్. మహీంద్రావాళ్ళు 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టి, తర్వాత ఈ సీజే-3బిని ఏళ్ళ తరబడి ఇక్కడే తయారుచేశారు. మన సమితి జీపులు, ఫారెస్టు జీపులు, ఏజెన్సీలో సంతలకి జనాన్ని వేలాడదీసుకుని తిరిగిన జీపులు ఎక్కువగా ఈ కుటుంబంవే.

బానెట్టు అంత ఎత్తు ఎందుకో తెలుసా? యుద్ధం నాటి ఇంజనులో ఒక్కో సిలిండరుకి ఉండే రెండు వాల్వులూ కింద ఇంజను దిమ్మలో, అంటే బ్లాకులోనే ఉండేవి. దాని శక్తి 60 గుర్రాలు, అంటే హార్స్ పవర్. తర్వాత వచ్చిన హరికేన్ ఇంజనుకి గాలీ పెట్రోలూ లోపలికొచ్చే వాల్వుని బ్లాకు పైన ఉండే హెడ్డులోకి ఎక్కించి, పొగ బయటికి పోయేదాన్ని బ్లాకులోనే ఉంచారు. సైజు అదే 2.2 లీటర్లు, శక్తి 70 దాటింది, ఇంజను ఎత్తు పెరిగింది. పాత బానెట్టు కింద పట్టక, మూత పైకి లేపారు. అంతే. పన్నెండేళ్ళ పిల్లాడికి ఈ కథ చెప్పి బానెట్టు ఎత్తి చూపిస్తే, ఫోను కాసేపైనా పక్కకి పోతుంది.

ఇక సంక్రాంతి. ఏ సంవత్సరం సంక్రాంతో మీవారిని అడగండమ్మా. పదిహేనేళ్ళు పాకలో ఉన్న బండి మూడు నెలల్లో రోడ్డెక్కాలంటే ఒకటే దారి, డబ్బిచ్చి షెడ్డులో చేయించడం. అది తప్పేమీ కాదు. కానీ అప్పుడు అది తండ్రీకొడుకుల పని కాదు, మెకానిక్ పని.

ఆ రెండు ఆదివారాలూ మీ బాబు చేత ఏం చేయించారో నేను చెప్పగలను. వైరు బ్రష్ చేతికిచ్చి తుప్పు గీకమన్నారు. పెద్దవాళ్ళకి విసుగొచ్చే పనులన్నీ పిల్లల వాటాకే వస్తాయి. వాళ్ళు లేచి వెళ్ళిపోతే ఈ కాలం పిల్లలకి ఓపిక లేదంటాం. మొదటి రోజు మొదలుపెట్టిన పని ఆ సాయంత్రానికి పలకాలి. హారన్ పట్టుకోండి. ఊడదీసి, వెనక మూత తీసి, లోపలి పాయింట్లని సన్న ఎమరీ పేపరుతో రుద్దమనండి. బండి 6 వోల్టులదా 12 వోల్టులదా పాత బల్బు మీద రాసి ఉంటుంది, చూసి దానికి తగ్గ బ్యాటరీ తగిలించండి. పదిహేనేళ్ళ తర్వాత ఆ జీపు పాకలో ఒక్కసారి "పాం" అంటే పశువులు బెదురుతాయేమో కానీ, పిల్లాడు మాత్రం ఆ రాత్రి నిద్రపోడు.

రెండో పని, నట్ల లెక్క. నేను లారీల మనిషిని. విప్పిన బోల్టులన్నీ ఒకే డబ్బాలో పడేసి, బిగించేటప్పుడు చేత్తో తడిమి తీసుకోవడం నా అలవాటు. మా అమ్మాయి మొదటి వారమే కిరాణా కొట్టుకెళ్ళి ముప్పై గుడ్లు పట్టే అట్ట ట్రేలు పన్నెండు తెచ్చింది. ఒక్కో గుంటలో ఒక్కో చోటి బోల్టు, వాషరు. పక్కన స్కెచ్ పెన్నుతో నంబరు, నోటు పుస్తకంలో అదే నంబరు ఎదురుగా బొమ్మ. నేను నవ్వాను. మూడేళ్ళ తర్వాత రేడియేటరు బిగించేటప్పుడు నవ్వలేదు.

ఇప్పుడు మీవారికి నేను చేసిన తప్పు చెప్పాలి. సైలెన్సరు మానిఫోల్డు నట్టు ఒకటి తుప్పుతో బిగుసుకుపోయింది. దాన్ని మా అమ్మాయికి అప్పగించాను. రోజూ స్కూలు నుంచి రాగానే కాస్త డీజిలు పోసి, పావు చుట్టు విప్పి, మళ్ళీ అంతే వెనక్కి బిగించి, మళ్ళీ విప్పి... అలా మూడు రోజులు. అదే సరైన పద్ధతి, నేను నేర్పిందే. నాలుగో రోజు నేను పక్కన నిలబడి చూస్తున్నాను. ఓపిక పట్టలేకపోయాను. "ఇటివ్వు" అని ఆ పిల్ల చేతిలోంచి రింగు పానా లాక్కుని ఒక్క పట్టు పట్టాను. టక్కుమంది. నట్టు ఎక్కే మరకడ్డీ, అంటే స్టడ్డు, బ్లాకులోనే విరిగిపోయింది.

మా అమ్మాయి ఒక్క మాట అనలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుని, ఆ గుడ్డ మడిచి, టూల్‌బాక్సు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఐదు వారాలు షెడ్డు వైపు రాలేదు. విరిగిన స్టడ్డుని డ్రిల్లుతో తొలిచి తీయడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఓ రోజు నీళ్ళ బాటిల్ కోసం అటొచ్చి ట్రేల వైపు చూసి, "నాన్నా, పదిహేడో గుంటలోది ఇక్కడ పెట్టావేంటి?" అంది. క్షమాపణలూ అవీ మా ఇంట్లో అలవాటు లేదు. "నువ్వే సర్దు" అన్నాను. సర్దింది.

ఆ రోజు నుంచి మా షెడ్డులో "ఇటివ్వు" అనే మాట నిషేధం. అంటే వంద రూపాయలు జరిమానా. బండి పూర్తయ్యేసరికి నా వాటా నాలుగువేల ఏడు వందలు. ఆ డబ్బుతోనే ముందు సీట్లకి రెక్సిన్ వేయించాం.

ఇక ఇంజను. సెల్ఫ్ కొట్టకండి, తోయకండి. ఇన్నేళ్ళు నిలిచిన ఇంజనులో పిస్టన్ రింగులు సిలిండరు గోడలకి పట్టేసి ఉంటాయి. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో కంతలో రెండు మూడు చెంచాల ఇంజనాయిలు, డీజిలు కలిపి పోసి వారం వదిలేయండి. మధ్యమధ్య మళ్ళీ పోయండి. తర్వాత ప్లగ్గులు పెట్టకుండానే, బండి ముందు పెట్టి తిప్పే హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పి చూడండి. కదలకపోతే బలం చూపించొద్దు, మరో వారం ఆగండి. తిరిగితే అప్పుడు పాత ఆయిలు దింపి కొత్తది పోయండి. స్టార్టింగుకి హ్యాండిల్ కొట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి, హ్యాండిల్ చుట్టూ పెనవేయకూడదు. ఎదురు తన్నిందంటే మణికట్టు పోతుంది. స్టార్టింగు మాత్రం మీవారే కొట్టాలి, బాబు కాదు. ఇక్కడ నా జరిమానా రూలు వర్తించదు.

ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలుని పారబోయడమే. వార్నిషులా వాసన వస్తుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఆ కాలపు రబ్బరుకి అది పడదు. పైపులు మెత్తబడతాయి, పెట్రోలు పంపులో డయాఫ్రం ఉబ్బుతుంది. పైగా ఇథనాల్ నీటిని పీలుస్తుంది. బండి నెలల తరబడి నిలబడితే ట్యాంకు లోపల తుప్పు. అందుకని పైపులు, డయాఫ్రం, కార్బురేటరు కిట్టు కొత్త రకం రబ్బరువి వేయించండి, బండిని పదిహేను రోజులకోసారైనా తిప్పండి. ట్యాంకు చిల్లిపడితే మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు. వెల్డింగ్ దగ్గరికి ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపలుండే ఆవిరే పేలుతుంది.

బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు నల్లటి దుమ్ము ఉంటుంది. నోటితోనో గాలి పైపుతోనో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి ఎవరూ దూరకూడదు. ఇటుకలు అసలు పెట్టొద్దు, బరువుకి చెప్పకుండా పగులుతాయి. స్టాండ్లు కొనండి. లేదా గట్టి చెక్క దుంగలు అడ్డంగా పేర్చండి.

వద్దని చెప్పనా అని అడిగారు. వద్దనకండి. అరుపులు వినబడ్డప్పుడు మాత్రం కాఫీ తీసుకుని పాకలోకి వెళ్ళండి, పానా ఎవరి చేతిలో ఉందో ఒకసారి చూసి రండి.

"పాపా నేనూ కలిసి పాత జీపు టైర్లు మారుద్దామనుకున్నాం. కుడివైపు నట్లు హాయిగా వచ్చాయి. ఎడమవైపువి ఎంత బలంగా తిప్పినా రావు. పైపు పెట్టి తిప్పితే రెండు స్టడ్లు విరిగాయి. తుప్పుకి ఏం పోయాలి?" – ఒక తండ్రి, ఖమ్మం

ఏమీ పోయకండి. మీరు నట్లు విప్పడం లేదండీ, బిగిస్తున్నారు.

పాత జీపులకి ఎడమవైపు చక్రాల నట్లు ఎదురు మరవి. చక్రం తిరిగే జోరుకి వదులవకుండా అలా పెట్టేవారు. విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. స్టడ్డు చివర తుప్పు తుడిచి చూడండి, చాలావాటి మీద ఇంగ్లిష్ ఎల్ అక్షరం ఉంటుంది. ఎవరో మధ్యలో హబ్బులు మార్చి ఉంటే మామూలు మరవి కూడా ఉండొచ్చు, అందుకే ముందు చూడాలి. విరిగిన రెండింటికీ కొత్తవి కొనేటప్పుడు "ఎడమవైపు" అని గట్టిగా చెప్పండి, లేకపోతే కొట్టువాడు కుడివి కట్టి ఇస్తాడు.

పాపకి ఈ సంగతి మీరే చెప్పండి. వాళ్ళ నాన్న కూడా పొరబడతాడని తెలిస్తే ధైర్యంగా పానా పడుతుంది.

"నాన్నగారి జీపు 1969 రిజిస్ట్రేషన్. కాగితం ఉంది కానీ గడువు ఎప్పుడో తీరింది. ఇంజను తీసేసి ఎప్పుడో మాటడోర్ డీజిలు ఇంజను పెట్టించారు. దీన్ని వింటేజ్ కింద రాయించుకోవచ్చంటున్నారు, నిజమేనా? బాడీ మొత్తం పుచ్చిపోయింది. ఉత్తరాదిన కొత్త బాడీలు చవకగా దొరుకుతాయట, తెప్పించనా?" – ఒక రిటైర్డ్ టీచర్, కాకినాడ

మాస్టారూ, మీ ప్రశ్నలోనే మెలిక ఉంది.

2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి వేరే రూల్సు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన టూవీలర్లూ కార్లూ దాని కిందికి వస్తాయి. కొత్తగా రాయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత పొడిగింపుకి 5,000. కొత్త నంబరులో రాష్ట్రం కోడు పక్కన వీఏ అనే అక్షరాలు వస్తాయి. ఇదివరకే రిజిస్టరైన బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. మూడు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే ఆ పాత నంబరు పోగొట్టుకోకండి, రంగుకన్నా దానికే అందం ఎక్కువ.

అయితే వింటేజ్ అనిపించుకోవాలంటే బండి పుట్టినప్పటి రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారి ఉండకూడదు. మీ నాన్నగారి తప్పేం లేదు. పెట్రోలు ధర చూసి ఆ రోజుల్లో సగం ఊళ్ళు జీపులకి డీజిలు ఇంజన్లు ఎక్కించాయి. నేనే ఎన్నో ఎక్కించాను. కానీ ఆ ఇంజనుతో వింటేజ్ దారి మీకు దాదాపు మూసుకుపోయినట్టే. పైగా ఇంజను మార్చిన సంగతి కాగితంలో ఎక్కిందో లేదో చూసుకోండి. ఎక్కకపోతే గడువు పొడిగింపు దగ్గరా అదే అడ్డం వస్తుంది.

వింటేజ్ కాగితం వచ్చినా రోజూ కూరగాయలకి తిరగడానికి కాదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కాలి. బాడుగకి అసలు కుదరదు. నలుగురినీ ఎక్కించుకుని పొలానికి వెళ్ళాలన్న కోరిక మీదైతే, మామూలు పద్ధతిలో ఫిట్‌నెస్ చేయించి పొడిగించుకోవడమే నయం.

బాడీల సంగతి. హర్యానాలో మండీ డబ్వాలీ అని జీపులకి పేరున్న ఊరు. కొత్త రేకుతో మొత్తం తొట్టె, అంటే బాడీ, దొరుకుతుంది. తొట్టె తెప్పించడం వేరు, "కాగితాలతో సహా తయారు బండి" అని ఎవరైనా అమ్మజూపితే కొనడం వేరు. పాత కాగితం మీద కొత్త బండి కట్టి అమ్మేవాళ్ళు ఉంటారు. చాసిస్ నంబరు కాగితంతో సరిపోకపోతే మీ డబ్బూ బండీ రెండూ పోతాయి. మీకు కాగితమూ చాసిస్సూ సొంతవి ఉన్నాయి కాబట్టి మంచి టింకరింగ్ మనిషిని పట్టుకోండి. పుచ్చినంత మేరే కోసి అతుకు వేయిస్తాడు. జీపు బాడీ ఎక్కువగా చదును రేకులే, కారులా వంపులుండవు.

ఒక్క హెచ్చరిక. చాసిస్ మీద తుప్పు గీకేటప్పుడు నంబరు కొట్టిన చోట గ్రైండరు పెట్టనివ్వకండి. అక్కడ కిరసనాయిలూ గుడ్డా మాత్రమే. ఆర్టీవో ఆఫీసులో ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన అచ్చు అడుగుతారు. నిగనిగలాడాలని నంబరునే అరగదీసినవాళ్ళని చూశాను.

"మా అబ్బాయికి పదిహేనున్నర. జీపు సగం వాడే బాగుచేశాడు. ఊళ్ళో మా పొలం దాకా రెండు కిలోమీటర్ల రోడ్డు, బండ్లు తక్కువ. వాడిచేత నడిపించొచ్చా?" – ఒక తండ్రి, మదనపల్లె

రోడ్డు మీద వద్దు. 18 నిండాలి. మైనరు నడిపితే తండ్రికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. సగం జీపు బాగుచేసిన కుర్రాడికి ఆ శిక్ష వేయించకండి.

మీరే నడుపుకుంటూ బండిని పొలంలోకి తీసుకెళ్ళండి. కోత అయిన చదును చేలో, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ 'లో' గేరు వేసి, మీరు పక్కన కూర్చుని నడిపించండి. ఆ గేరులో జీపు మనిషి నడకంత వేగంతో పోతుంది. క్లచ్చు ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలియడానికి అంతకన్నా మంచి బడి లేదు. గట్లు ఎక్కించొద్దు. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య వెడల్పు తక్కువ, పక్కకి ఒరిగితే ఆగదు. తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ మడ్‌గార్డుల మీద కూర్చోబెట్టొద్దు.

"అంకుల్, నేను ఇంటర్ మొదటి సంవత్సరం. మా నాన్న పాత జీపు బాగుచేస్తున్నారు. 'మనిద్దరం కలిసి చేద్దాం' అన్నారు కానీ ఏడాదిగా నా పని టార్చి పట్టుకోవడం, టీ తేవడం. ఏదైనా ముట్టుకోబోతే 'ఉండు, నేను చేస్తా' అంటారు. అందరితో మాత్రం మా అమ్మాయి చేస్తోందని గొప్పగా చెప్తారు. ఏం చేయాలి?" – ఒక అమ్మాయి, నిజామాబాద్

అమ్మా, నీ ఉత్తరం చదివి మా అమ్మాయికి ఫోన్ చేశాను. బెంగళూరులో ఉంటుంది ఇప్పుడు. "మీ నాన్న 'ఇటివ్వు' అనలేదు కదా, ఇంకా మేలే" అని నీకు చెప్పమంది.

టార్చి పట్టుకోవడం చిన్న పనేం కాదు. నేను పన్నెండో ఏట షెడ్డులో చేరినప్పుడు మా మేస్త్రి రెండేళ్ళు లైటే పట్టించాడు. కానీ దానికీ గడువుంటుంది. ఏడాది చాలు.

మీ నాన్నగారితో వాదించకు. "నేనూ చేస్తా" అంటే ఆయనకి భయం, బండి పాడవుతుందని కాదు, నీ చెయ్యి తెగుతుందని. పేరు పెట్టి ఒక పని అడుగు. టేబుల్ మీద పెట్టుకుని ఒక్కదానివే మొదట్నుంచి చివరిదాకా చేయగలిగింది. డిస్ట్రిబ్యూటర్ అడుగు. ప్లగ్గులకి వరసగా కరెంటు పంచేది అదే. అరచేతిలో పట్టేంత వస్తువు, బరువుండదు, మీద పడదు.

మూత తీస్తే లోపల రెండు చిన్న పాయింట్లు ఎదురెదురుగా ఉంటాయి. మధ్య కడ్డీకి నాలుగు మూలలు, ఒక్కో సిలిండరుకి ఒక్కటి. ఏదో ఒక మూల పాయింటుని పూర్తిగా తెరిచి పెట్టినప్పుడు ఆ సందు 20 థౌ ఉండాలి, అంటే అంగుళంలో వెయ్యోవంతులు ఇరవై. సందులు కొలిచే రేకుల కట్ట, అంటే ఫీలర్ గేజిలో 20 అని రాసున్న రేకు తీసుకుని, ముందు పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆ సందులో పెట్టి లాగు. జారిపోతే వదులు, పట్టుకుంటే బిగువు. నెయ్యి రాసిన రెండు కాగితాల మధ్యనుంచి మూడోది లాగినట్టు ఉండాలి. అప్పుడు స్క్రూ బిగించి మళ్ళీ చూడు, బిగించేటప్పుడు కచ్చితంగా జరుగుతుంది. మళ్ళీ మొదలుపెట్టు. మా అమ్మాయికి మొదటిసారి గంటన్నర పట్టింది. "బిగువుగా ఉంది" అన్నాను నేను. "లేదు నాన్నా, నీ వేళ్ళు మొద్దుబారాయి" అంది. బండి స్టార్టు చేసి చూస్తే దానిదే రైటు. ముప్పై ఏళ్ళు లారీ బోల్టులు తిప్పిన వేళ్ళకి 20 థౌ తెలియదు. నీ వేళ్ళకి తెలుస్తుంది. మీ నాన్నకి ఆ సంగతి మాటల్లో చెప్పలేవు, చేసి చూపించాలి.

ఫైరింగ్ వరస, అంటే సిలిండర్లలో ప్లగ్గులు మండించే క్రమం, 1-3-4-2. ప్లగ్గు వైర్లు పీకే ముందు ఫోటో తీసుకో, ఒక్కోదానికి చిన్న టేపు ముక్క అంటించు.

ఇంకొకటి. పెయింటు వేసే ముందు డాష్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత చోటు సన్న ఎమరీ పేపరుతో, నీళ్ళు చల్లుకుంటూ, గుండ్రంగా రుద్దమని చెప్తాను. బండి ఎన్నిసార్లు రంగు మార్చుకుందో చెట్టు మొదలు నరికినప్పుడు కనపడే వలయాల్లా బయటపడుతుంది. మాదానికి పైన తెలుపు, దాని కింద ఇటుకబట్టీవాడి ఎరుపు, దాని కింద ముదురు ఆకుపచ్చ, అన్నిటికన్నా కింద బూడిద రంగు. సమితి రోజుల రంగు అదేనని మా నమ్మకం. మా అమ్మాయి ఆ బిళ్ళ మీద మాత్రం కొత్త పెయింటు వేయనివ్వలేదు. పెయింటరు గొణుక్కుంటూ చుట్టూ టేపు వేశాడు. ఇప్పటికీ ఉంది, స్టీరింగు పక్కన. జీపు ఎక్కినవాళ్ళందరూ ఇక్కడ పెయింటు పోయిందండీ అని చెప్పి దిగుతారు.

ఈ పేజీ మీ నాన్నగారికి చూపించకు. ఈ ఆదివారం టీ ఇచ్చి, డిస్ట్రిబ్యూటర్ అడుగు.